చిన్న హాక్ జెట్‌కు తూకం కుదిర్చిన క్రమం

ప్రస్తుతం నేను రిమోట్‌తో ఎగరేస్తున్నది 64 మి.మీ. డక్టెడ్ ఫ్యాన్‌తో (గొట్టం లోపల తిరిగే ఫ్యాన్) నడిచే, ఫోమ్‌తో చేసిన హాక్ నమూనా. భారత వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ బృందం 2015 నుంచి వాడుతున్న శిక్షణ జెట్ ఇదే కాబట్టి, ఆ బృందం ఉండే బీదర్ వాయుసేన స్థావరానికి ఇవతల, జహీరాబాద్ వైపు ఉండే మాకు దీని ఆకారం బాగా పరిచయం. నాలుగు సెల్‌ల 2200 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ 240 గ్రాములు, బ్యాటరీతో కలిపి విమానం మొత్తం 960 గ్రాములు తూగుతున్నాయి. రెక్క వైశాల్యం సుమారు పన్నెండు చదరపు డెసీమీటర్లే కావడం వల్ల స్టాల్ వేగం (ఇంతకంటే నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేదు) గంటకు 45 కిలోమీటర్ల దగ్గర ఉంటుందని నా లెక్క. చేత్తో విసిరినప్పుడు వచ్చే వేగం అంతకంటే తక్కువే.

ప్రొపెల్లర్ విమానానికి లేని ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ప్రొపెల్లర్ విసిరే గాలి తోక మీదుగా పోతుంది కనుక విమానం నెమ్మదిగా ఉన్నా ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంత పట్టు దొరుకుతుంది. డక్టెడ్ ఫ్యాన్ గాలి మాత్రం గొట్టంలోంచి నేరుగా వెనక్కి పోతుంది, కాబట్టి విమానం వేగం అందుకునేదాకా తోక దాదాపు పని చేయదు. విసిరిన తర్వాతి ఆ కొద్ది క్షణాల్లో ముక్కు పైకి లేస్తుందా, కిందికి వాలుతుందా అన్నది రిమోట్ స్టిక్ చేతిలో కాక గురుత్వ కేంద్రం (సీజీ) చేతిలో ఉంటుంది. అందుకే మిగతా ఏ సర్దుబాటు కంటే ముందు సీజీని కుదర్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెక్క వెనక్కి వాలి ఉండడం వల్ల సీజీ ఎక్కడుండాలో కంటితో అంచనా వేయడం కుదరదు. రెక్కను శరీరం మధ్యగీత దాకా పొడిగించి కొలిస్తే, మొదలు దగ్గర వెడల్పు 250 మి.మీ., కొసన 100 మి.మీ., ఒక పక్క రెక్క పొడవు 350 మి.మీ., కొస దగ్గర ముందంచు 175 మి.మీ. వెనక్కి ఉంది. ఈ కొలతలకు సగటు వాయుగతిక వెడల్పు (మొత్తం రెక్కకు బదులుగా లెక్కలో తీసుకునే ఒక్క వెడల్పు) 186 మి.మీ. వస్తుంది, అది మధ్యగీత నుంచి 150 మి.మీ. దూరంలో పడుతుంది, అక్కడ ముందంచు 75 మి.మీ. వెనక్కి ఉంటుంది. ఆ వెడల్పులో 25 శాతం అంటే దాదాపు 46 మి.మీ. కలిపితే, మధ్యగీత దగ్గరి ముందంచు నుంచి 121 మి.మీ.; 22 శాతమైతే 116 మి.మీ. సురక్షితమైన వైపు, అంటే కాస్త ముందుకు, 115 దగ్గర మొదలుపెట్టాను. రెక్క కింద రెండు వైపులా మార్కర్‌తో గీతలు గీసి, వేళ్ళ మీద కాకుండా, రెండు పెన్సిళ్ళను నిలబెట్టిన చెక్క స్టాండు మీద ఆనించి చూశాను. ఎందుకంటే ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా గాలిలో స్పష్టంగా తెలుస్తాయి, వేలి కొస వెడల్పు దానికి ఎన్నో రెట్లు.

సీసం ముక్కలేవీ అతికించలేదు. బ్యాటరీ మొత్తం బరువులో సరిగ్గా నాలుగో వంతు కాబట్టి, దాన్ని 8 మి.మీ. జరిపితే సీజీ 2 మి.మీ. జరుగుతుంది. బ్యాటరీ గదిలో వెల్క్రో పక్కన స్కేలు గీసుకుని, ఎగరేసిన ప్రతిసారీ ఒక్క గీత వెనక్కి జరిపాను.

115 దగ్గర విమానం తిన్నగా, నిబ్బరంగా పోయింది. అయితే సమతలంలో ఉంచడానికే ఎలివేటర్‌ను పైకి ట్రిమ్ చేయవలసి (స్టిక్ వదిలినా కొంత పైకే నిలిచేలా సర్దవలసి) వచ్చింది, దిగేటప్పుడు స్టిక్ పూర్తిగా లాగినా ముక్కు నిలవలేదు. 117 దగ్గర దిగడం మెరుగుపడింది. 119 దగ్గర ట్రిమ్ దాదాపు సున్నాకు వచ్చింది, తలకిందులుగా ఎగిరినప్పుడు స్టిక్‌ను కొద్దిగా ముందుకు తోస్తే చాలింది. 121 దగ్గర మాత్రం వేగంలో ఎలివేటర్ మరీ చురుకైంది, 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్య భాగంలో స్పందనను మెత్తబరిచే అమరిక) పెట్టినా ముక్కు నిలకడగా ఉండలేదు. లెక్కలో 25 శాతం నిరపాయమే అయినా, ముందుకు సాగిన పొడవాటి ముక్కు కూడా గాలిలో కొంత అస్థిరతను తెస్తుంది కనుక 119నే ఖాయం చేసుకున్నాను.

దీన్ని నిర్ధారించుకోవడానికి డైవ్ పరీక్ష చేశాను. తగినంత ఎత్తులో, సగం థ్రాటిల్‌తో ట్రిమ్ సరిచూసుకుని, థ్రాటిల్ తగ్గించి, ముక్కును ముప్పై నలభై డిగ్రీలు కిందికి వంచి స్టిక్ వదిలేయాలి. విమానం తనంతట తానే గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువెక్కువ, డైవ్ ఇంకా నిటారుగా మారితే తోక బరువెక్కువ. 119 దగ్గర నా విమానం నింపాదిగా, పెద్ద వంపు తీసుకుంటూ లేచింది. ఈ పరీక్షలన్నీ గైరో (విమానం ఊగితే తనంతట తానే సరిదిద్దే పరికరం) ఆపేసే చేయాలి, ఎందుకంటే గైరో తూకంలోని లోపాన్ని కప్పిపుచ్చుతుంది, వేగం తగ్గిన క్షణంలో ఆ లోపం మళ్ళీ బయటపడుతుంది.

అడ్డ తూకం చిన్న పని. ముక్కు కొసనూ తోక గొట్టాన్నీ దారంతో వేలాడదీస్తే కుడి రెక్క వాలింది. ఎడమ రెక్క కొసలో ఒక రూపాయి నాణెం అతికిస్తే సరిపోయింది.

ఫ్యాన్ తూకానికి మాత్రం ఎక్కువ సమయం ఇచ్చాను, ఇవ్వాలి కూడా. రోటర్ (ఫ్యాన్‌లో తిరిగే భాగం) నిమిషానికి 40,000 చుట్లు తిరిగితే, కేంద్రం నుంచి 20 మి.మీ. దూరంలో ఉన్న 0.1 గ్రాము అదనపు బరువు దాదాపు మూడున్నర కిలోల బలంతో ఇరుసును చుట్టూ గుంజుతుంది. బేరింగులు త్వరగా అరగడానికీ, గైరో తికమక పడడానికీ, విమానం గొంతు గరగరలాడడానికీ కారణం ఇదే. రోటర్‌ను విప్పి, సన్నని ఇరుసు మీద పెట్టి, సమతలంగా అమర్చిన రెండు బ్లేడు అంచుల మీద ఉంచాను. బరువైన వైపు ప్రతిసారీ కిందికి తిరుగుతుంది. దానికి ఎదురుగా హబ్ లోపల చుక్క ఎపాక్సీ పెట్టి, ఆరాక మళ్ళీ చూశాను. ఫ్యాన్ రెక్కలను అరగదీయడం నాకు సమ్మతం కాదు, దానివల్ల వాటి బలం తగ్గుతుంది. తిరిగి బిగించి నడిపేటప్పుడు రోటర్ తిరిగే తలానికి పక్కగా ఎవరూ నిలబడకూడదు.

ఎగరేసేది శనగ పంట తీసేసిన చేలలో. డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం ఆ స్థలం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఉందని ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో చూసుకుని, 400 అడుగుల లోపే ఉంటాను. పొట్ట కింద గాలి రంధ్రాలు ఎండు పుల్లలను లాగేసుకుంటాయి కనుక నేల తాకకముందే థ్రాటిల్ పూర్తిగా మూసేయాలి. విసిరేటప్పుడు నా మిత్రుడు ఫ్యాన్ పూర్తి వేగం అందుకున్న శబ్దం వినేదాకా ఆగి, రెక్కలు సమంగా ఉంచి, క్షితిజానికి కాస్త పైకి విసురుతాడు. సుమారు 600 మీటర్ల ఎత్తున్న ఈ ప్రాంతంలో చలికాలపు ఉదయంతో పోలిస్తే మే మధ్యాహ్నం గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ, అందుకని ఎండాకాలంలో తెల్లవారుజామునే ఎగరేస్తాం. టైమర్ మూడు నిమిషాలకు పెట్టాను. దిగాక ఒక్కో సెల్ 3.7 వోల్టుల పైనే ఉంటోంది.

తర్వాతి పని 280 గ్రాముల పెద్ద బ్యాటరీ. ఇప్పటి బ్యాటరీ మధ్యభాగం సీజీకి 200 మి.మీ. ముందుంది, 240ని 200తో గుణించి 280తో భాగిస్తే 171 వస్తుంది, అంటే కొత్త బ్యాటరీ 29 మి.మీ. వెనక్కి రావాలి. గది వెనక గోడ అందుకు అడ్డొస్తోంది. ఆ గోడ వెనకే ఈఎస్సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) తీగలు ఉన్నందున, ముందు వాటిని పక్క గాడిలోకి మార్చి, ఆ తర్వాత ఫోమ్ కోస్తాను.