యాభై రౌండ్ల డబ్బా, ఇరవై రౌండ్ల డబ్బా

అమెరికాలో ఏ గన్ షాపుకెళ్లినా ఈ రెండు డబ్బాలూ కనిపిస్తాయి. రెండింటి మీదా 9 ఎంఎం లూగర్ అనే, అంటే ఒకే తూటా సైజే, రాసి ఉంటుంది. ఒకదాంట్లో 50 రౌండ్లు, అంటే తూటాలు, రెండోదాంట్లో 20. ధర చూస్తే చిన్న డబ్బాదే ఎక్కువ. కొత్తగా పిస్టల్ కొన్నవాళ్లలో కొందరు చవకది కొని ఇంట్లో కూడా అదే లోడ్ చేసి పెట్టుకుంటారు. ఇంకొందరు ఖరీదైనది కొని, ఒక్క రౌండూ కాల్చి చూడకుండా లాకర్‌లో పెట్టేస్తారు. నన్నడిగితే రెండోదే పెద్ద పొరపాటు.

అసలు కొనొచ్చా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వాళ్లకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. న్యూజెర్సీలో హాలో పాయింట్‌ను (ముక్కులో గుంట ఉండే తూటాను) ఇల్లు దాటించడం మీద ప్రత్యేక ఆంక్షలున్నాయి, ఎడిసన్ వైపు ఉండేవాళ్లు కొనేముందే చూసుకోవాలి.

ఇక తూటాల సంగతి. యాభై రౌండ్ల డబ్బాలో ఉండేది ఎఫ్ఎంజే, అంటే ఫుల్ మెటల్ జాకెట్. సీసం గుండుకు రాగి తొడుగు, గుండ్రటి ముక్కు. ఇరవై రౌండ్ల డబ్బాలోది జేహెచ్‌పీ, జాకెటెడ్ హాలో పాయింట్. ముక్కులో గుంట ఉంటుంది, తగిలాక విచ్చుకుని వేగం తగ్గి ఆగుతుంది. ఇలా విచ్చుకునే తూటాల్లో తొలినాటి పేరుమోసినవి కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలోనే పుట్టాయి. యుద్ధాల్లో వాటిని వాడకూడదని 1899లో హేగ్‌లో తీర్మానించారు. ఆ నిషేధం సైన్యాల మధ్య యుద్ధానికే, ఇంటి రక్షణకు కాదు.

ఆత్మరక్షణకు హాలో పాయింటే ఎందుకు? 9 ఎంఎం ఎఫ్ఎంజే బాలిస్టిక్ జెల్‌లో (ఒంటి కండకు బదులుగా పరీక్షకు వాడే జెల్లీలో) మామూలుగా 24 అంగుళాలు దాటిపోతుంది. అంటే మనిషిని దాటి వెనకనున్న వాళ్లకూ తగలొచ్చు. 1986 ఏప్రిల్ 11న మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక ఎఫ్‌బీఐ తూటాల పరీక్షలను కొత్తగా రూపొందించింది. జెల్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది ఆ కొలత. ఉత్త జెల్‌తో పాటు మందపాటి బట్టలు, జిప్సం గోడ పలక, ప్లైవుడ్, కారు అద్దం లాంటివి అడ్డుపెట్టి కూడా చూస్తారు. ఫెడరల్ కంపెనీ హెచ్ఎస్‌టీ, స్పీర్ కంపెనీ గోల్డ్ డాట్ లాంటి హాలో పాయింట్లు ఈ కొలతకు తగ్గట్టు తయారైనవే. అయితే హాలో పాయింట్ గోడలో ఆగుతుందనుకోవద్దు. అపార్ట్‌మెంట్ల జిప్సం గోడను అదీ దాటేస్తుంది. పైగా గుంటలో జిప్సం పొడి కూరుకుపోతే విచ్చుకోకుండా ఎఫ్ఎంజే లాగే పోతుంది. పక్క పోర్షన్‌లో పిల్లలుంటే ఏ డబ్బా కొన్నా ఆ భయం పోదు, తుపాకీ ఎటు చూస్తోందన్నదే ముఖ్యం.

గుండు బరువు చాలామంది పట్టించుకోరు. డబ్బా మీద 115, 124, 147 గ్రెయిన్లు అని ఉంటుంది. 124 గ్రెయిన్లంటే సుమారు 8 గ్రాములు. ఇంట్లో పెట్టుకునేది 147 అయితే, 115తో నెలల తరబడి సాధన చేసినా చేతికి తెలిసే తోపుడు వేరు, దూరం పెరిగే కొద్దీ తగిలే చోటూ వేరు. అందుకే ముందు రక్షణ రౌండు ఎంచుకుని, అదే బరువున్న ఎఫ్ఎంజే కొనాలి. 124 దొరకడం తేలిక. ప్లస్ పీ అని ఉంటే ఒత్తిడి ఎక్కువని అర్థం: 9 ఎంఎంకు మామూలు పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ప్లస్ పీకి 38,500. తుపాకీ మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎఫ్ఎంజే ముక్కు గుండ్రం కాబట్టి జారుకుంటూ చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటికి) పోతుంది. హాలో పాయింట్ వెడల్పు మూతి కొన్ని పిస్టళ్లలో ఫీడ్ ర్యాంప్‌కు (చాంబర్ ముందుండే వాలుకు) తట్టుకుని ఆగుతుంది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) చివరి పావు అంగుళం మూసుకోదు. ఎంత పేరున్న బ్రాండైనా మీ తుపాకీలో ఇలా ఆగితే అది మీకు పనికిరాదు. ఇంట్లో వాడే మ్యాగజైన్లన్నీ (రౌండ్లు పేర్చి పిస్టల్‌లో పెట్టేవి) రేంజ్‌కు, అంటే కాల్పుల సాధన చేసే చోటుకు, తీసుకెళ్లి, ప్రతి మ్యాగజైన్‌నూ నిండా ఎక్కించి కాల్చండి. మొత్తం 100 రౌండ్లు, కుదిరితే 200. ఒకే మ్యాగజైన్‌లో తేడా వస్తే దాని స్ప్రింగో, రౌండును పట్టి ఉంచే పై అంచులో అనుమానించాలి. అన్నింట్లో వస్తే ముందు పట్టు సరిచూసుకోండి, మణికట్టు వదులుగా ఉన్నా స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. అదీ కాకపోతే బ్రాండ్ మార్చండి. రేంజ్‌లో టప్‌మని నీరసంగా పేలితే వెంటనే ఆగి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ చూడాలి. గుండు లోపల ఇరుక్కుని ఉంటే తర్వాతి రౌండుకు బ్యారెల్ పగిలిపోవచ్చు.

ఇంట్లో జరిగే తప్పు ఇంకోటి ఉంది. రాత్రి లోడ్ చేసి, పొద్దున్నే తీసేసి, మళ్లీ అదే పై రౌండును చాంబర్‌లోకి పంపుతారు. అది ప్రతిసారీ ర్యాంప్‌కు గుద్దుకుని, గుండు కేసులోకి (మందు ఉండే గొట్టంలోకి) కొద్దికొద్దిగా దిగుతుంది. లోపల జాగా తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ఎగబాకుతుంది. బల్ల మీద కొత్త రౌండును పక్కన నిలబెట్టి, కంటి ఎత్తుకు వంగి చూడండి. పొట్టిగా కనిపిస్తే అది కాల్చడానికీ వద్దు, రేంజ్ వాళ్ల డిస్పోజల్ డబ్బాలో వేయండి. చాంబర్‌లోకి పంపిన ప్రతిసారీ అడుగున మార్కర్‌తో ఒక గీత పెడితే లెక్క తెలుస్తుంది.

సాధన రౌండ్లు కొనేముందు రేంజ్ నియమాలు అడగాలి. చాలాచోట్ల అయస్కాంతం పెట్టి చూసి, అంటుకుంటే తూటాలో ఉక్కు ఉందని వద్దంటారు. కాల్చాక సబ్బు, చన్నీళ్లతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు, సీసం వంట్లోకి పోతుంది. డబ్బాలు టెక్సస్ ఎండలో కారు డిక్కీలో వదిలేయకండి. తుపాకీకి పట్టించే నూనె తూటాలకు తగలనివ్వకండి, ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) దగ్గర లోపలికి దిగి పేలకుండా చేస్తుంది. తాళం వేసిన పెట్టె, పిల్లలకు అందని చోటు, ఇవి చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి పాత రక్షణ రౌండ్లను రేంజ్‌లో కాల్చేసి, కొత్త డబ్బా విప్పండి.