పెద్దోడివి, అమ్మను చూసుకో

"నువ్వు పెద్దోడివి కదా నాన్నా, అమ్మను నువ్వే చూసుకోవాలి" అన్నాను, అంతే. మన తెలుగు పిల్లాడే, తొమ్మిదేళ్లుంటాయి, మా ఆఫీసు రిసెప్షన్లో స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు లోపలికెళ్లి ఆ మాట చైల్డ్ స్పెషలిస్టుకు చెప్పాడు (డాక్టరు కాదు, విడాకుల కేసుల్లో పిల్లలతో మాట్లాడే ఆవిడ). సాయంత్రం ఆవిడ నాకు క్లాసు పీకింది (నాతో అనడానికి వాడి పర్మిషన్ కూడా తీసుకుందట!). అరవలేదు, ఇక్కడ అరవరు, ఆ మెత్తదనానికే ఒళ్లు మండుతుంది. ఆ బరువు పిల్లాడి మీద పెట్టకూడదంది.

నేను అమెరికాలో, మినియాపోలిస్‌లో విడాకులు చూసే లాయర్ల దగ్గర పారాలీగల్‌ని, అంటే వాళ్లకు కేసు కాగితాల పని చేసిపెడతాను. కొలాబరేటివ్ డివోర్స్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1990లో స్టూ వెబ్ అనే లాయరు ఇక విడాకుల కోసం కోర్టుకెక్కనని మొదలుపెట్టాడు. మొగుడూ పెళ్లాలు, వాళ్ల లాయర్లు కోర్టు వద్దని సంతకాలు చేసి, కూర్చుని తేల్చుకోవాలి. బెడిసికొడితే ఆ లాయర్లిద్దరూ తప్పుకోవాల్సిందే. పిల్లలుంటే ఈ స్పెషలిస్టును పెట్టుకుంటారు. ఆవిడ ఎవరి పక్షమూ కాదు. పిల్లలతో విడిగా మాట్లాడి వాళ్ల గోడు అమ్మానాన్నలకు చేరవేస్తుంది, ఎవరి దగ్గర ఉంటావని మాత్రం అడగదు. మన దగ్గర జడ్జిగారు ఛాంబర్లో అడిగేది అదే కదా, ఊహ తెలిసిన పిల్లల ఇష్టం చూడొచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే చెబుతోంది. పెద్దమనుషుల్లో పెడితే అదీ లేదు, "మీరెళ్లి ఆడుకోండ్రా" అంటారు, తలుపు సందులోంచి వాళ్లు అన్నీ వింటూనే ఉంటారు.

ఆవిడ పని గొప్పదే, కాదనను. ఇంకో కేసులో ఒక పాప, శుక్రవారాలు బట్టల బ్యాగు స్కూలుకు తేవద్దు, అందరూ అడుగుతున్నారు అందట. పిల్లలు ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో రాసుకునే పేరెంటింగ్ ప్లాన్‌లో ఆ లైను నేనే టైప్ చేశాను. ఏ లాయరుకు తడుతుంది అది?

కానీ ఆవిడ గంటల లెక్కన ఫీజు తీసుకుని వెళ్లిపోతుంది. ఆ పిల్లాడి ఇంట్లో మేనమామ లేడు, అమ్మమ్మ వచ్చినా వీసా ఆర్నెల్లు. అమ్మ జ్వరమొచ్చి పడుకుంటే మంచినీళ్లిచ్చేది వాడు కాక ఎవరు? మా నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ మా అన్నయ్యతో ఇదే అన్నారు, వాడు నిలబడ్డాడు. ఎలా నిలబడ్డావని ఎవరం అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇకమీదట పిల్లలతో స్కూలు, ఆటలు, వాతావరణం గురించి మాట్లాడమంది. మైనస్ ఇరవైలో తొమ్మిదేళ్ల పిల్లాడితో వాతావరణం గురించి ఏం మాట్లాడాలండీ?