మృగశిర నాటి పెంతెకొస్తు: హన్మకొండ నుంచి మెదక్‌కు

బస్సు కదలగానే పెంతెకొస్తు తేదీ మీద వాదన మొదలైంది. శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన ఈ పండుగ ఈస్టరు నుంచి యాభయ్యో రోజున, ఆదివారమే వస్తుంది. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. ఆ ఆదివారాన్నే ఒకటో రోజుగా పట్టాలి. ఏప్రిల్‌లో 11, మేలో 31, జూన్‌లో 8 కలిపితే 50. మర్నాటి నుంచి లెక్కపెట్టినవాళ్లకు పండుగ సోమవారం వచ్చింది. తప్పు అక్కడే దొరికిపోయింది.

ఎల్కతుర్తి, హుస్నాబాద్, సిద్దిపేట, రామాయంపేట మీదుగా మెదక్‌కు చాయ్ ఆగుడుతో కలిపి నాలుగు గంటలు వేసుకోవాలి. దారంతా దుక్కి దున్నిన చేన్లే. అదే రోజు మృగశిర కార్తె. మనకు విత్తనాల వేళ వచ్చే పెంతెకొస్తు యూదులకు గోధుమ కోతల నాటిది. బైబిలులోని లేవీయకాండము 23 ప్రకారం పులియబెట్టి కాల్చిన రెండు రొట్టెలు అర్పించాలి. ఐగుప్తు నుంచి విడుదలను తలచుకునే పస్కాకు పులియని రొట్టె, ఇక్కడేమో పులిసినది. ఈ తేడా ప్రసంగాల్లో ఎందుకో వినపడదు.

మెదక్ గుడిని, అంటే పెద్ద చర్చిని, ఇంగ్లండు మిషనరీ పాస్నెట్ దొర కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గంట గోపురం 175 అడుగులు. రంగుటద్దాల కిటికీలు చూడాలంటే పగలే రావాలి, ఎండ ఉంటేనే రంగు పలుకుతుంది. పేరుపడ్డ కిటికీలు మూడు: యేసు జననం, సిలువ, బలిపీఠం వెనక పరలోకానికి ఆరోహణం. ఆ తర్వాతి ఘట్టమైన పెంతెకొస్తు గాజుకు లొంగేది కాదు, అందులో చెవికే పని ఎక్కువ. అపొస్తలుల కార్యములు 2లో గాలి వీచిందని లేదు, గాలివంటి ధ్వని వచ్చిందని ఉంది. నాలుకలు కూడా అగ్నిజ్వాలల వంటివే, అగ్ని కాదు.

ఆరాధన అయ్యాక చెట్టు కింద ఆ అధ్యాయం చదివాం. చాలాచోట్ల అన్ని భాషల్లో ఒకేసారి చదివిస్తారు. సందడే తప్ప ఒక్క ముక్క ఎక్కదు. యెరూషలేములో జరిగింది దానికి తలకిందులు: శిష్యుల మాట ఎవరి భాషలో వాళ్లకు అర్థమైంది. అందుకే 1–4 వచనాలు తెలుగులో, 5–8 లంబాడీలో, 11 ఉర్దూలో, ఒకరి తర్వాత ఒకరు. లంబాడీని తెలుగు అక్షరాల్లోనే రాసుకోవాలి, అదీ తండాలో మాట్లాడినట్టే. పుస్తక భాషను మక్కీకి మక్కీ దించితే ముసలివాళ్లు ముఖాలు చూసుకుంటారు. 9, 10 వచనాలు తెలుగువాళ్లకే గండం: ఏలామీయులు, కప్పదొకియ, పంఫూలియ. బయటికి మూడుసార్లు చదివి రాకపోతే తడబాటు ఖాయం.

ఆత్మ ప్రేరణతో నేర్వని భాషల్లో మాట్లాడే అన్యభాషల వరం గురించి సంఘాల మధ్య తగవు పాతదే. అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో ఊరుకొమ్మని 1 కొరింథీయులు 14లో పౌలు తేల్చేశాడు. మా దృష్టిలో అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: తండా నుంచి వచ్చి, విన్న ప్రతి వాక్యాన్నీ మనసులో లంబాడీలోకి మార్చుకునే అవ్వకు మన గుడిలో ఆదివారం ఏ ముక్క నేరుగా అందుతోంది?

భోజనానికి పులిహోరే మేలు, పెరుగన్నం ఆ ఎండకు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. తిరుగు దారిలో సిద్దిపేటలో, మృగశిర నాడు తినే చేపల కోసం అరగంట ఆగాం. పెంతెకొస్తు అయినా సరే, మృగశిర మృగశిరే.