మంచు మీద 7 డిగ్రీలు

పొద్దున్నే ఉష్ణోగ్రతల మ్యాప్ గీసి చూస్తే, మంచు కప్పుకున్న కొండల మీద 7 డిగ్రీలుంది. కాసేపు డేటానే అనుమానించాను. తప్పు డేటాది కాదు, పక్కనున్న రంగుల పట్టీది. అంటే నాదే.

డేటా కెల్విన్‌లో ఉంటుంది, చూసేవాళ్ళకి సెల్సియస్ కావాలి. మొన్న ఆ పట్టీ (కలర్‌బార్) మీద గుర్తులు 280, 290, 300, 310 దగ్గర పడితే, వాటి బదులు 7, 17, 27, 37 అని చేత్తో రాసిపెట్టేశాను. ఒక్క లైను కోడ్, పనైపోయిందనుకున్నా. ఇవాళ చలికాలం డేటా వేశాను. గుర్తులు 260 నుంచి మొదలయ్యాయి. నా రాతలు మాత్రం అవే, అదే వరసలో. మైనస్ 13 ఉండాల్సిన చోట 7! గుర్తుల చోటు ఖాయం చేయకుండా రాతలు ఖాయం చేయొద్దని మాట్‌ప్లాట్‌లిబ్ (ఈ బొమ్మలు గీసే పైథాన్ లైబ్రరీ) మొన్ననే వార్నింగ్ ఇచ్చింది. వార్నింగులు చదివే అలవాటు ఎవరికుంది?

సరే, ఫంక్‌ఫార్మాటర్ పెట్టాను. అది రాతను అంటించి ఊరుకోదు. గుర్తు దగ్గరున్న విలువ తీసుకుని, మనం చెప్పిన లెక్క చేసి రాస్తుంది. కెల్విన్‌లోంచి 273.15 తీసేస్తే సెల్సియస్. తీసెయ్యమంటే తీసేసింది: మైనస్ 13.15, మైనస్ 3.15, 6.85, 16.85. లెక్క నిజమే, చూడ్డానికే చిరాకు. చివరికి గుర్తుల్నే 263.15, 273.15, 283.15 దగ్గరికి జరిపాను. అప్పుడొచ్చింది సున్నా. ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో, పట్టీ పక్కన ‘ఉష్ణోగ్రత’ అని తెలుగులో రాద్దామని సరదా పుట్టింది. వరసగా డబ్బాలొచ్చాయి. మాట్‌ప్లాట్‌లిబ్ మామూలు ఫాంట్ డేజావు శాన్స్‌లో తెలుగు లేదు. ఆ సరదా ఇంకో రోజుకి.

నాలుగింటికి గానీ వెలగలేదు: గీసేముందే డేటాలోంచి 273.15 తీసేస్తే? ఒక్క తీసివేత! గుర్తులు వాటంతటవే మైనస్ 10, సున్నా, 10 మీద కూర్చున్నాయి. పూటంతా రాసిన కోడ్ చెరిపేశాను, కొంచెం బాధగానే.

సాయంత్రం బొమ్మ మేడమ్‌కి పంపాను. అంకెల గురించి ఒక్క మాట లేదు.

“పట్టీ కింద ఆ త్రికోణం ఏంటమ్మా?” అని అడిగారు.

“స్కేలు మైనస్ 10 దగ్గర ఆపాను మేడమ్. అంతకంటే చల్లగా ఉన్నవన్నీ ఆ రంగులోకే వెళ్తాయి.”

“మరి ఆ మాట బొమ్మ కింద రాయలేదే?”

రాశాను. మళ్ళీ పంపాను.