అంబులెన్సు ఆగిన చోట పిల్లలు అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో పిల్లల్ని పెంచుతున్న మాలాంటివారికి ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్ళడం ఎంత సంతోషమో, ఆ నెలల్లో వాళ్ళకు ఏదైనా అయితే ఎలాగన్న బెంగ కూడా అంతే ఉంటుంది. ఆపద వస్తే 999కి ఫోన్ చేయాలని పిల్లలకు బడిలోనే నేర్పుతారు. అంబులెన్సు ఆసుపత్రికి చేరాక కూడా రోగి ఆ బండిలోనే ఉండిపోవలసి రావచ్చునని మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పరు. మా మామగారికి ఆయాసం వచ్చిన రాత్రి మా అమ్మాయి ఆ సంగతి కళ్ళారా చూసింది.

ఎమర్జెన్సీ విభాగం ముందు అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. మా బండిలోని పారామెడిక్ ఆక్సిజన్ మాస్కు సరిచేస్తూ, మధ్య మధ్య బీపీ చూసి నమోదు చేసుకుంటూ, మామగారి చేయి వదలకుండా కూర్చున్నాడు. నర్సు ఒకసారి బయటికి వచ్చి, ఈసీజీ కాగితం చూసి, పడక ఖాళీ కాగానే తీసుకుంటామని చెప్పి వెళ్ళింది. అదే సమయానికి మా ఆడపడుచు ఊరి నుంచి ఫోన్ చేసి, "ఇంకా బండిలోనే ఉంచారా వదినా? మీకు తెలిసిన డాక్టరు ఒక్కరైనా లేరా అక్కడ?" అని అడిగింది. ఆమె కంగారును నేను తప్పుపట్టను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవలు మొదలైనప్పటి నుంచి మనవాళ్ళ దృష్టిలో అంబులెన్సు ఆసుపత్రి గుమ్మం చేరిందంటే గండం సగం గట్టెక్కినట్టే. తెలిసినవాళ్ళ చేత ఒక మాట చెప్పించడం కూడా, రోగిని ఎవరూ పట్టించుకోకుండా పోతారేమోనన్న భయంతో కుటుంబాలు అలవరచుకున్న జాగ్రత్తే.

మా అమ్మాయి అభ్యంతరం వేరు. మా తరువాత వచ్చిన ఒకావిడను మాకంటే ముందు లోపలికి తీసుకెళ్ళారు. వరుసలో ముందున్నవారిదే ముందు వంతు అని బడిలో నేర్చుకున్న పిల్లకు అది అన్యాయంగా తోచింది. అత్త చెప్పిన పలుకుబడీ, తాను నమ్మిన వరుసా రెండూ అక్కడ పనిచేయవనీ, ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందో వారినే ముందు చూస్తారనీ అక్కడే చెప్పాను. అయితే ఓపిక పట్టడమంటే నోరు మూసుకుని ఉండడం కాదనీ, తాతయ్యకు ఊపిరి మరింత కష్టమైనా, మాట తడబడినా ఆ క్షణంలోనే సిబ్బందికి చెప్పాలనీ కూడా చెప్పాను. పెద్దలకు ఎదురు మాట్లాడకూడదని మనం పెంచిన పిల్లలకు ఈ రెండో మాట గట్టిగా చెప్పాలి.

ఆ తరువాత చాలా రోజులు మా ఇంట్లో ఇదే చర్చ. రోగిని 15 నిమిషాల్లో ఆసుపత్రికి అప్పగించాలన్నది ఇంగ్లండులో ఎన్నాళ్ళుగానో ఉన్న ప్రమాణం. అది తప్పినప్పుడు నష్టం బండిలో ఉన్నవారితో ఆగదు. గుండెనొప్పి, పక్షవాతం వంటి కేసుల దగ్గరకు అంబులెన్సు సగటున 18 నిమిషాల్లో చేరాలి; 2022 డిసెంబరులో ఆ సగటు గంటన్నర దాటింది. ఆసుపత్రి ముందు ఆగిన ప్రతి బండి కోసం ఏదో ఒక ఇంట్లో ఎవరో ఎదురుచూస్తున్నారన్న మాట. అందుకే 2023లో లండన్ అంబులెన్స్ సర్వీస్, 45 నిమిషాలు దాటితే రోగిని ఆసుపత్రి సిబ్బందికి విడిచి తరువాతి పిలుపుకు వెళ్ళిపోతామని ప్రకటించింది. నాకది కఠినంగా అనిపించినా సరైన నిర్ణయమనే అనుకుంటాను. కాకపోతే దానివల్ల పడకలు పెరగవు. నిరీక్షణ బండిలోంచి నడవాలోకి మారుతుంది.

"మరి లోపలివాళ్ళు ఇంటికి ఎందుకు వెళ్ళరు?" అని అమ్మాయి అడిగింది. అసలు చిక్కు అక్కడే ఉంది. వైద్యం పూర్తయి, ఇంటికి వెళ్ళదగ్గ స్థితిలో ఉండి కూడా పడకల మీదే ఉండిపోయినవారు ఇటీవలి చలికాలాల్లో ఇంగ్లండులో రోజుకు 10,000కు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు. స్నానం చేయించడానికి, మందులు వేయడానికి ఇంటి దగ్గర మనిషి కుదరక, సంరక్షణ గృహంలో చోటు దొరకక ఆగిపోయినవారే చాలామంది. వాళ్ళు కదలకపోతే ఎమర్జెన్సీలోని రోగి వార్డుకు వెళ్ళలేడు, అతడు కదలకపోతే అంబులెన్సులోని రోగి లోపలికి రాలేడు.

ఈ మాట రాగానే మన తెలుగు కుటుంబాల్లో, "ఇక్కడివాళ్ళు తల్లిదండ్రుల్ని వదిలేస్తారు, మనం అలా కాదు" అనడం పరిపాటి. ఆ మాట నా పిల్ల చెవిన వేయడం నాకు ఇష్టం లేదు. మా పక్కింటావిడ రోజూ ఉద్యోగం ముగించుకుని తల్లి దగ్గరకు వెళ్ళి అన్నీ చూసుకుని రావడం మా అమ్మాయి చూస్తూనే ఉంది. సముద్రాలు దాటి వచ్చిన మేము ఆ పని కూడా చేయలేకపోతున్నాం. "అయితే ఊళ్ళో తాతయ్య ఒక్కరే ఉన్నప్పుడు ఇలా అయితే ఎవరున్నారు?" అని అమ్మాయి అడిగినప్పుడు, అత్త ఉందనీ, అత్తకు కూడా ఉద్యోగమూ పిల్లలూ ఉన్నారనీ, నాన్న చేరడానికి ఒక రోజు పైనే పడుతుందనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

మామగారు కోలుకున్నాక ఆడపడుచుతో వీడియో కాల్‌లో ఈ విషయం విడమరచి మాట్లాడుకున్నాం. మామగారినీ, అమ్మాయినీ కూడా కూర్చోబెట్టుకున్నాం. ఆయన ఊరికి వెళ్ళిపోతాననే పట్టుబట్టారు. పగటిపూట తోడుగా ఒక మనిషిని కుదర్చడానికి ఒప్పుకున్నారు. రాత్రిళ్ళ సంగతి ఇంకా తేలలేదు.