ఒక్క పోగు తీగ

టెక్కలి నుంచి గ్రానైట్ లోడుతో వస్తున్న లారీ నరసన్నపేట దాటాక మిస్ కొట్టడం, అంటే ఇంజిన్ ఉండుండి తడబడడం మొదలెట్టింది. స్కానర్ పెడితే పి0203 అని కోడ్ చూపించింది, అంటే మూడో ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేది) సర్క్యూట్‌లో లోపం. "ఇంజెక్టర్ పోయింది, కొత్తది వేసేయ్ బాబూ" అన్నాడు డ్రైవర్ బాబాయ్. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇంజిన్ ఆపి, కనెక్టర్ పీకి ఇంజెక్టర్ లోపలి కాయిల్ రెసిస్టెన్స్ కొలిచాను. ఒక ఓమ్ లోపే (మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్ తీసేసే చూడాలి సుమా), మిగతా అయిదు ఇంజెక్టర్లూ అంతే. ఇంజెక్టర్ మంచిదే! ఇక వైరింగ్‌ను చేత్తో తడుముకుంటూ పోయాను. ఒకచోట బ్రాకెట్ అంచుకు రాసుకుని తొడుగు చిరిగింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి, ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఇంజిన్ అదిరినప్పుడల్లా కరెంటు తెగుతోందన్నమాట.

ముక్క వైరు, కాస్త సోల్డర్, స్లీవ్.

"ఇంతదానికా రెండు గంటలు?" అన్నాడు బాబాయ్. టీ మాత్రం ఆయనే ఇప్పించాడు లెండి.