జీతం అడగకూడదట, ఓటెయ్యొచ్చట

స్విట్జర్లాండులోని బాసెల్‌లో, మా ఆఫీసు క్యాంటీన్‌లో ఓ మధ్యాహ్నం సత్య నాదెళ్ళ ప్రస్తావన వచ్చింది. 2024 ఆర్థిక సంవత్సరానికి ఆయనకు ముట్టింది 7.9 కోట్ల డాలర్లు. "మా హైదరాబాదువాడే" అని గొప్పగా చెప్పి, ఆ ఊపులోనే పక్కనున్న స్విస్ పెద్దాయన్ని "మన డైరెక్టరుకెంత ఉంటుందంటారు? మీకెంత?" అని అడిగేశాను. ఆయన ఫోర్కు కింద పెట్టి, "ఇక్కడ ఆ ప్రశ్న వేయరు" అన్నాడు. మళ్ళీ బంగాళాదుంపల్లో పడ్డాడు.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిచూపుల్లో, రైల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో మనవాళ్ళు పలకరింపుగా అడిగేదే కదా! పైగా ఇదే దేశం 2013లో రెండుసార్లు జీతాల మీద ఓటేసింది. కంపెనీ పెద్దల జీతాలను వాటాదార్ల ఓటుతోనే ఖాయం చేయాలా అని మార్చిలో అడిగితే, దాదాపు 68 శాతం అవునన్నారు. పదవి దిగుతున్న, మందుల కంపెనీ నోవార్టిస్ ఛైర్మన్‌కు, పోటీ కంపెనీల్లో చేరకుండా ఉండేందుకు 7.2 కోట్ల ఫ్రాంకుల దాకా ఇస్తారన్న సంగతి సరిగ్గా అంతకు ముందే బయటపడింది. గోల చూసి ఆయన వదులుకున్నాడు గానీ, జనం వేడి తగ్గలేదు.

నవంబరులో ఇంకా ముందుకెళ్ళారు. ఒక కంపెనీలో అందరికన్నా తక్కువ జీతగాడికి ఏడాదికొచ్చేదాన్ని మించి, అదే కంపెనీలో ఎవరూ నెలకు తీసుకోకూడదు. అంటే 1:12. దీన్ని మాత్రం 65 శాతం మంది తిరగ్గొట్టారు. కంపెనీలు తరలిపోతాయన్నది ఒక భయం. పెన్షన్ నిధికి గండి పడుతుందన్నది ఇంకోటి. ఇక్కడ జీతంలోంచి ఆ నిధికి కట్టే చందాకు పై పరిమితి లేదు, కోట్ల జీతమైనా మొత్తం మీద కట్టాల్సిందే.

అలా తిరగ్గొట్టాక 2024లో స్విస్ బ్యాంకు యూబీఎస్ అధిపతికి 1.49 కోట్ల ఫ్రాంకులు వచ్చాయి. బాసెల్ 2022లో కనీస వేతనం తెచ్చినప్పుడు అది గంటకు 21 ఫ్రాంకులు. ఆ లెక్కన పూర్తి రోజులు పనిచేసే క్లీనరుకు వచ్చేదానికి ఆయన జీతం మూడొందల రెట్ల పైమాటే. నోరు విప్పి అడక్కపోవడం వల్ల వీళ్ళు సాధించిందేమిటో నాకింకా అర్థం కాలేదు. అయినా పర్మిట్ మీద బతికే నాకు అసూయగానే ఉంటుంది, ఆ క్లీనరు స్విస్ పౌరురాలైతే ఆమె చేతికీ బ్యాంకరు చేతికీ వచ్చేది ఒకటే బ్యాలెట్.

మనకూ చట్టముంది. డైరెక్టర్ల జీతం మధ్యస్థ ఉద్యోగి, అంటే జీతాల వరుసలో సరిగ్గా నడుమనుండేవాడి, జీతానికి ఎన్ని రెట్లో లిస్టెడ్ కంపెనీలు ఏటా నివేదికలో అచ్చేయాలని 2013 కంపెనీల చట్టం కిందే నిబంధన. అచ్చేస్తారు. కాకపోతే ఏజెన్సీ రోల్స్‌లో ఉన్న హౌస్‌కీపింగ్ అమ్మ, గేటు దగ్గరి సెక్యూరిటీ ఆ లెక్కలోకి రారు.

మా పనిలో సగం చేసే గచ్చిబౌలి కుర్రాడూ మా కంపెనీ లెక్కలో లేడు, వాడు వెండర్ మనిషి. ప్యాకేజీ మూడున్నర లక్షలు. పదేళ్ళ కిందట మా బ్యాచ్ చేరినప్పుడూ ఇంచుమించు అంతే. మొన్న కాల్ అయిపోయాక, "అన్నా, నీకెంతొస్తదన్నా?" అని అడిగాడు. మనవాడు కదా, దాచకుండా చెప్పేశా. రూపాయల్లోకి మార్చుకుని, "పాతిక రెట్లా!" అన్నాడు. ఇక్కడి అద్దె, జేబులోంచి నెలనెలా కట్టే ఆరోగ్య బీమా, డేకేర్ ఖర్చు ఏకరువు పెట్టాను. అవేవీ అబద్ధాలు కావు. వాడు వాదించలేదు. "సరేలే అన్నా, నా హైక్ సంగతి మా మేనేజరుకు ఒక్కమాట చెప్పరాదే" అన్నాడు.

చెప్పాను. కాంట్రాక్టు రెన్యువల్‌లో ఫ్రెషర్ల రేటు కోసేశారని, ఇంకో రెండేళ్ళు కదలదని ఆయన జవాబు. కోయించింది మా బాసెల్ ఆఫీసే.